ఈశాన్యపు గాలిలో పరుగు

మా స్కూల్లో పిల్లల చేత పరుగు తీయించాలంటే ఇప్పుడు ముందు ఫోన్ల అనుమతి కావాలి. గుడివాడలో నేను డ్రిల్లు టీచరుగా చేరిన కొత్తలో ఆకాశం వంక చూసి గ్రౌండులోకి దిగేవాళ్లం, ఇప్పుడు ఫోను వంక చూసి దిగుతున్నాం. మొన్న వానాకాలంలో ఒక పొద్దున అమ్మాయిలను వరుసలో నిలబెట్టి ఈల నోట్లో పెట్టుకున్నానో లేదో, తల్లిదండ్రుల గ్రూపులో మెసేజీలు మొదలయ్యాయి. వాన పడే సూచన ఉందటండీ, మా పాపను పరిగెత్తించకండి మేడమ్ అని ఒకరు, దానికి జలుబు చేస్తే ఒక పట్టాన తగ్గదండీ అని ఇంకొకరు. ఒకాయన ఏకంగా కారేసుకుని వచ్చేశారు. చూస్తే నెత్తి మీద చిన్న మబ్బు తునక ఉంది, అంతే. అమ్మాయిలందరూ క్లాసుల్లోకి వెళ్లిపోయాక ఖాళీ గ్రౌండులో ఒక్కదాన్నే నిలబడితే ఒళ్లు మండింది. ఆ వెంటనే నవ్వూ వచ్చింది. మబ్బును చూసి పరుగు ఆపించే మనిషి చేతుల మీదే కదా నేను పెరిగింది! ఆవిడ మా మేనత్త నాంచారమ్మ. ఈ తల్లిదండ్రులందరి కన్నా ఆవిడ భయానికి పెద్ద కారణమే ఉంది.

ఆ ఆదివారమే అత్తను చూడడానికి వెళ్లాను. పామర్రు, చల్లపల్లి, అవనిగడ్డ దాటి నాగాయలంకలో బస్సు దిగి, అక్కణ్నుంచి ఆటోలో మా ఊరు. ఒకప్పుడు మేం గంపలెత్తుకుని వచ్చిన కట్ట మీద ఇప్పుడు తారు రోడ్డు పడింది. రెండు వైపులా రొయ్యల చెరువులు, వాటిలో నీళ్లను చిలుకుతూ గిరగిరా తిరిగే చక్రాల చప్పుడు. అత్త వాకిట్లో మంచమేసుకుని కూర్చుంది. చెవులు కొంచెం మందగించాయి గానీ చూపు ఇంకా గట్టిదే. నన్ను చూడగానే, "ఏమే మణీ, ఇంకా పరిగెడతన్నావా, పిల్లల్ని పరిగెత్తించి నువ్వు నీడన కూచుంటన్నావా?" అంది. మోకాళ్లు అరిగిపోయాయత్తా అంటే, "నీ మోకాళ్లకేం, నాయి చూడు" అని చీర మోకాళ్ల దాకా లాగి చూపించింది. అంత వయసులోనూ ఆ పిక్కలు తాడు పేనినట్టు ఉన్నాయి. ఆ కాళ్ల వెనకే నేను పరుగు నేర్చుకున్నాను.

మా ఇల్లూ అత్త ఇల్లూ ఒకే దొడ్లో ఉండేవి. రెండూ తాటాకు ఇళ్లే, మధ్యలో ఒకటే పొయ్యి. దొడ్లో ఎప్పుడూ ఎండుచేపల వాసన, ఆరేసిన వలల వాసన, తడి కట్టెల పొగ. బందరులోనో గుడివాడలోనో ఉండే చుట్టాలు వచ్చినప్పుడు ముక్కు చిట్లించేవాళ్లు గానీ, నాకు ఆ వాసన లేని చోట సరిగ్గా నిద్ర పట్టేది కాదు. మా నాన్నా తోటివాళ్లూ పడవల మీద, కృష్ణ సముద్రంలో కలిసే మొగ దాటి, సముద్రంలోకి వెళ్లేవాళ్లు. వాళ్లు తెచ్చిన చేపలను ఆడవాళ్లు గంపలకెత్తుకుని బస్సెక్కి ఊళ్లమ్మట అమ్మేవాళ్లు. అత్తకు బందరు వాడుక. అక్కడ కొన్ని వీధుల్లో ఆవిడ గొంతు వినపడందే పొయ్యి వెలిగించని ఇల్లాళ్లు ఉండేవారట. ఆ మాట అత్తే చెప్పేది కాబట్టి అందులో కొంత తగ్గించుకోవాలి.

తెల్లవారుతూనే అత్త చేసే మొదటి పని ముఖం కడుక్కోవడం కాదు. రాత్రి ఆరిపోయిన పొయ్యిలోంచి చిటికెడు బూడిద తీసుకుని వాకిట్లోకి వచ్చి, చెయ్యెత్తి వదిలేది. ఆ బూడిద ఎటు పోతుందో కళ్లు చికిలించి చూసేది. ఊరి వైపు నుంచి సముద్రం వైపు పోతే ఆ పూట ఇల్లంతా సుఖం. అమ్మతో పరాచికాలాడేది, నాకు జడ వేసేది, గంజిలో ఉల్లిపాయ ముక్కలేసి ఇచ్చేది. ఈశాన్యం నుంచి వచ్చి తన మొహాన్నే పడిందా, ఇక ఆ రోజుకు ఆవిడ మనిషి కాదు. మేం ఎవరం గడప దాటకూడదు. నాన్న పడవ కట్టిన తాడు విప్పకూడదు. "వదినా, రేడియోలో ఏమీ చెప్పలేదు కదా" అని అమ్మ నసిగితే, "అప్పుడు కూడా చెప్పలేదులే" అనేది. అప్పుడంటే ఏదో ఎవరూ అడిగేవాళ్లు కాదు. మా దివిసీమలో 'అప్పుడు' అంటే ఉప్పెనే. నేను పుట్టకముందు వచ్చిన ఆ నీళ్లు అత్త భర్తనూ, ఎనిమిదేళ్ల కూతురు సుబ్బులునూ తీసుకుపోయాయి. అత్త తాటిచెట్టు పట్టుకుని మిగిలింది. ఎలా జరిగిందని ఎవరడిగినా, "జరిగింది" అనేసి లేచి పోయేది. అంతకు మించి ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఇక పరుగు సంగతి. రేవు నుంచి నాగాయలంక బస్సు దాకా మా ఆడవాళ్లు నడిచేవారు కాదు. తొలి బస్సు టాపు మీద గంపలకు చోటు కొంచెమే, ముందొచ్చినవాళ్లదే రాజ్యం. రెండో బస్సుకు పోతే ఎండెక్కి చేప మెత్తబడేది. అందుకని నెత్తిన గంప, గంప నిండా పండుగప్పలో కొయ్యింగలో రొయ్యలో, పైన తడి గోనెపట్టా, అందరూ ఒక వరుసన కట్ట మీద పడేవాళ్లు. మెడ కదలదు, నడుము కదలదు, మోకాళ్ల కింద నుంచి మాత్రం కాళ్లు టకటకా ఆడుతుంటాయి. ఒక చెయ్యి గంప మీద, ఒక చెయ్యి గాలిలో. దాన్ని నడకంటే నడక పరువు పోతుంది, పరుగంటే పరుగుకు కోపమొస్తుంది. వేసవి సెలవుల్లో నేను కూడా చిన్న గంపతో వాళ్ల వెనకాల పడ్డాను. మొదటి రోజు సగం రొయ్యలు కట్ట మీద చల్లాను. సెలవులు అయిపోయేసరికి అత్తను దాటి ముందుకు పోసాగాను. అత్త దానికి మురిసిపోయి, "ఇది మా ఇంటి పిల్ల" అని దారిలో కనపడ్డ ప్రతివాళ్లకూ చెప్పేది. మళ్లీ అంతలోనే, "ఏమే, కంటికి ఆనకుండా పోమాకే" అని అరిచేది.

మా హైస్కూలు డ్రిల్లు మాస్టారు గుడివాడ ఆయన, నాగాయలంకలో గది తీసుకుని ఉండేవారు. ఒక పొద్దున ఆయన ఎదురుగాలికి సైకిలు తొక్కుతుంటే, నేను నెత్తిన గంపతో ఆయన్ని దాటిపోయాను. ఆ సాయంత్రమే ఇంటికొచ్చారు. మా నాన్నతో ఏదో చెప్పబోతే నాన్న అత్త వైపు చెయ్యి చూపించాడు. మా ఇంట్లో పెద్ద కోర్టు అత్తే.

"నాంచారమ్మ గారూ, మీ పిల్ల కాళ్లలో మంచి పరుగుందండీ. రోజూ పొద్దున పరిగెత్తిస్తే బందరు పోటీల్లో పెట్టచ్చు. అక్కడ నెగ్గితే జిల్లా టీములోకి తీసుకుంటారు" అన్నారు మాస్టారు.

"పరిగెత్తడానికేం అండీ, మేం రోజూ పరిగెత్తేవాళ్లమే. మాకు బేరమల్లా గాలితోనే" అంది అత్త. ఆ వెంటనే మాస్టారితో కాకుండా నాతో అంది: "తుఫాను షెల్టరు దాకా పరిగెత్తి గోడ ముట్టుకుని రా. అటుపక్కకు పోతే కాళ్లిరగ్గొడతా. గాలి ఈశాన్యానికి తిరిగినా, నేను కేకేసినా, ఎక్కడున్నదానివక్కడ ఆగిపోవాలి. నేనొచ్చి నీ చెయ్యి పట్టుకునేదాకా అడుగు తీసి అడుగెయ్యకూడదు. సరేనా?"

నేను సరేనన్నాను. జిల్లా టీము అన్న మాట చెవిన పడ్డాక సముద్రం మీద పరిగెత్తమన్నా సరేననేదాన్ని.

మా వైపు వాన సంగతి తెలిసినవాళ్లకు తెలుసు. నాగాయలంకలో ఎండ కాస్తుంటే మా ఊళ్లో కుండపోత. ముందు ఎండ, వీపున వాన పెట్టుకుని పరిగెత్తిన రోజులున్నాయి. కృష్ణ మీద నుంచి వచ్చే గాలి ఒకటి, సముద్రం మీది గాలి ఒకటి, రెండూ కట్ట మీదే కలుసుకుని పోట్లాడుకునేవి. మధ్యలో నేను. పరుగు మంచి ఊపులో ఉండగా వెనక నుంచి "మణీ, ఆగవే!" అని కేక వినపడేది. ఆగిపోయేదాన్ని. జల్లు కొడుతున్నా, పక్కనే షెల్టరు ఉన్నా, కట్ట మధ్యలో పాతిన గుంజలా నిలబడేదాన్ని. అత్త రొప్పుకుంటూ వచ్చి నా మణికట్టు పట్టుకున్నాకే ఇద్దరం కదిలేవాళ్లం. వలలు బాగుచేసుకునే మగవాళ్లు, "అదిగో, నాంచారమ్మ సిగ్నలు పడింది, బండి ఆగింది" అని నవ్వేవాళ్లు. సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. కానీ ఆ పట్టు ఎంత గట్టిగా ఉండేదంటే, ఇంటికొచ్చాక కూడా వేళ్ల గుర్తులు కనపడేవి. నాకు కోపం వచ్చేది గానీ, ఆ చెయ్యి వణకడం తెలిసేది కాబట్టి ఎన్నడూ విదిలించుకోలేదు.

ఒక్కటి చెప్పాలి. అంత భయమున్న మనిషి నన్ను ఇంట్లో కూర్చోబెట్టచ్చు. అడిగేవాళ్లెవరు? అలా చెయ్యలేదు. బూడిద తన మొహాన పడిన రోజున కూడా, నేను ఏడుపు మొహం పెడితే, గొణుక్కుంటూ నాతో పాటు కట్టెక్కేది. నేను కొంచెం ముందుకు పరిగెత్తి, మళ్లీ వెనక్కొచ్చి, ఆవిడ చుట్టూ కుక్కపిల్లలా తిరిగి, మళ్లీ ముందుకు పోయేదాన్ని. ఆవిడ ఆకాశం మీద ఒక కన్ను, నా మీద ఒక కన్ను వేసి నడిచేది. పెదాలు ఏదో జపిస్తున్నట్టు కదులుతుండేవి. ధైర్యమంటే భయం లేకపోవడమని నేను స్కూల్లో పిల్లలకు ఎన్నడూ చెప్పలేదు, మా అత్తను చూశాను కాబట్టి.

మాస్టారికి నాతో వచ్చిన చిక్కు వేరే ఉంది. ఎంత చెప్పినా నా కుడి చెయ్యి కిందికి దిగేది కాదు. పరుగు మొదలెట్టిన కాసేపటికి దానంతటదే లేచి, నెత్తి మీద లేని గంపను పట్టుకునేది. "అమ్మా, చేతులు రెండూ ఊపాలమ్మా, నీ నెత్తిన ఏమీ లేదమ్మా" అని ఆయన గ్రౌండు చుట్టూ నా పక్కనే పరిగెత్తేవారు. ఒకసారి రెండు చేతులకూ రుమాళ్లు కట్టి పరిగెత్తించారు. రుమాళ్లు ఊడేదాకా బాగానే ఉండేది. ఆఖరికి ఆయనకు కూడా నవ్వొచ్చి, "పోనీలే, గంప పడకుండా నెగ్గు" అన్నారు.

పోటీల రోజున అత్త నాతో పాటు తొలి బస్సుకే బందరు వచ్చింది. తెల్లవారుజామున బూడిద నిటారుగా లేచి అక్కడే రాలింది. గాలి ఊసే లేదు. అది మంచికో చెడుకో తెలియక అత్త దారంతా కిటికీలోంచి తల బయట పెట్టి చూస్తూనే ఉంది. వాడుక వీధుల్లో చేపలు అమ్మేసి, ఖాళీ గంప చంకన పెట్టుకుని గ్రౌండుకు వచ్చింది. టీచర్లు కూర్చున్న షామియానా పక్కనే చతికిలబడింది. చేపల వాసనకు ఇద్దరు ముగ్గురు కుర్చీలు జరుపుకున్నారు. "జరగండి బాబూ, నాకూ కాళ్లు చాపుకోడానికి చోటొచ్చింది" అని అత్త హాయిగా కాళ్లు చాపుకుంది.

అమ్మాయిల పరుగుల్లో అన్నిటికన్నా పొడుగుది నాది. గ్రౌండు చుట్టూ తిరుగుతూ పోవాలి. ముందొచ్చిన ఇద్దరిని జిల్లా టీములోకి తీసుకుంటామని మైకులో చెప్పారు. ఈల ఊదేటప్పుడు ఎండ ఫెళ్లున కాస్తోంది. సగం అయ్యేసరికి నేను ముందున్నాను. ఉయ్యూరు వైపు నుంచి వచ్చిన ఇద్దరు పొడుగు అమ్మాయిలు నా వెనక. ఉన్నట్టుండి నా నీడ కనపడలేదు. తల తిప్పి చూద్దును కదా, తూర్పున ఆకాశం ఇనప పెనంలా ఉంది. మరుక్షణం గాలి వచ్చి ఎడమ చెంప మీద కొట్టింది. అది ఎటు నుంచి వచ్చిందో నాకు బూడిద అక్కర్లేదు. ఈశాన్యం. షామియానా ఒక పక్క తాళ్లు తెంచుకుని లేచింది, కుర్చీలు పడ్డాయి, నా కుడి చెయ్యి దానంతటదే నెత్తి మీదికి పోయింది. జనం గొల్లున నవ్వారు. పెద్ద పెద్ద చినుకులు మొదలయ్యాయి.

నాకు మాత్రం ఒక్కటే ఆలోచన. గాలి తిరిగింది. ఆగాలి. నా కాళ్లు అప్పటికే నెమ్మదించాయి. అంత కాలం చేసుకున్న అలవాటు అది, జిల్లా టీము కోసం మారేది కాదు. పరిగెడుతూనే వెనక్కి తిరిగి అత్త కోసం చూశాను. ఉయ్యూరు అమ్మాయిలిద్దరూ నన్ను దాటేశారు.

అత్త లేచి నిలబడి ఉంది. గంప చేతిలోంచి జారిపోయి గాలికి దొర్లుకుంటూ పోతోంది, చూసుకోలేదు. పైట ఎగిరిపోతోంది, చూసుకోలేదు. నోరు తెరిచింది గానీ కేక రాలేదు. ఆ ఒక్క క్షణం ఆవిడ మొహం నాకు ఇప్పటికీ కనపడుతుంది. ఆపుతుందనుకున్నాను. రెండు చేతులూ ముందుకు, నన్ను నెడుతున్నట్టు విసిరి, బందరు అంతా వినపడేలా అరిచింది.

"ఆగమాకే! పరిగెత్తవే మణీ! ఎనక్కి చూడమాకు, పో!"

పోయాను. నల్లరేగడి గ్రౌండు క్షణాల్లో జారుడుబండైంది. మా ఆడవాళ్ల పొట్టి అడుగులు, కదలని మెడ, నెత్తిన లేని గంప, అన్నిటితోనూ పోయాను. వెనక నుంచి "పో! పో!" అని కేక వినపడుతూనే ఉంది. ఇద్దరిలో ఒకమ్మాయిని ఆఖరి మలుపులో దాటాను. రెండో అమ్మాయి నాకన్నా గట్టిది, దొరకలేదు. రెండో స్థానం వచ్చింది. మాస్టారు తడిసి ముద్దై, నన్ను చూసి ఏడ్చినంత పని చేశారు. అప్పటికి వాన వెలిసి ఎండ కాస్తోంది. మామూలు మబ్బు, మామూలు వాన.

తిరుగు బస్సులో అత్త నా పక్కన కిటికీ దగ్గర కూర్చుంది. మోపిదేవి దాటాక నా మణికట్టు పట్టుకుంది. ఈసారి మెత్తగా. నేనే అడిగాను, "ఇయ్యాల ఎందుకు ఆపలేదత్తా?" అని.

"ఆ రోజు సుబ్బులు నాకన్నా ముందు పరిగెడతంది మణీ" అంది అత్త, కిటికీ వైపు చూస్తూ. "నీకుమల్లే దానికీ పాదాలు నేలన ఆనేయి కాదు. బడి మేడ కనపడతంది, ఎక్కేసేదే. నాకు భయమేసింది. ఆగవే, నేనొస్తన్నా, నా చెయ్యి పట్టుకోవే అన్నా. చెప్పిన మాట వినే పిల్ల. ఆగింది. ఎనక్కి తిరిగి నా వంక చూసింది. నేను దాని దగ్గరకు చేరేలోపు నీళ్లొచ్చినియ్యి."

బస్సులో అందరూ ఏవేవో మాట్లాడుకుంటున్నారు. నేను ఆవిడ వైపు తిరిగి కూర్చున్నాను.

"మరి నన్నెందుకు ఆపేదానివి?"

"చెయ్యి దొరకలేదు కాబట్టే పోయిందనుకున్నా. ఇన్నేళ్లూ అదే అనుకున్నా. ఇయ్యాల నువ్వు తిరిగి చూశావు చూడు, అచ్చం దానిలాగే చూశావు. అప్పుడు తెలిసొచ్చింది, నేను అనకుండా ఉండాల్సిన మాటేంటో."

ఆవిడ ఏడవలేదు. నేను ఏడ్చాను. నా తల తన భుజానికి ఆనించుకుని, "ఊరుకోవే, గెలిచొచ్చి ఏడుస్తావేంటే" అంది.

ఆ తర్వాత జిల్లా టీముతో ఎక్కడెక్కడికో వెళ్లాను. పెద్ద కప్పులేమీ తేలేదు. ఆ పరుగుతోనే చదువూ, ఈ ఉద్యోగమూ వచ్చాయి. మా స్కూలు తల్లిదండ్రుల మీద నాకిప్పుడు కోపం లేదు. పిల్లల మీద ప్రేమతోనే కదా మెసేజీలు పెడతారు. కాకపోతే వాళ్ల చేతిలో ఉన్న ఫోను రేపటి వాన కూడా చెబుతుంది, మా అత్త చేతిలో చిటికెడు బూడిద ఉండేది. అన్నీ పోగొట్టుకున్న మనిషి ఆ చిటికెడు బూడిదతో నన్ను అంత దూరం పరిగెత్తించింది. పరుగు గురించి నేను చదివిన పుస్తకాల్లో ఇంత పెద్ద సంగతి ఎక్కడా లేదు.

ఆ పోటీల మర్నాడు పొద్దున సన్నగా జల్లు పడుతోంది. అత్త అలవాటు ప్రకారం బూడిద తీసి వదిలింది. ఈశాన్యం నుంచి వచ్చి మొహాన్నే పడింది. కొంగుతో తుడుచుకుంది. ఈ పూట పరుగు లేదని నేను మళ్లీ దుప్పటి కప్పుకోబోతుంటే, గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చేతులు రెండూ పైట కింద దాచుకుంది.

"లేవే. ముందు నువ్వు పో. నేను ఎనకాల మెల్లిగా వస్తాలే" అంది.